డాట్ ఏసీటీ ఫైలు ఎట్లా తెరవాలి? పాత ఎంపీ3 ప్లేయర్‌లో నాయినమ్మ పాటలున్నాయి

కాజీపేట_జంక్షన్ | ఆదివారం, ఉదయం 10:12

అందరికీ నమస్తే. మొన్న ఇంటికి రంగులు వేయిస్తూ అటక మీది సామాను దించితే, రేకు పెట్టెలో నా పాత ఎంపీ3 ప్లేయర్ దొరికింది. పెన్‌డ్రైవ్ లాగా ఉంటుంది, వెనక మూత తీస్తే ఒక సన్న సెల్లు పడుతుంది, ముందు నీలం లైటు వెలిగే బొటనవేలంత తెర. కంపెనీ పేరేమీ లేదు, 'డిజిటల్ ప్లేయర్' అని మాత్రం రాసి ఉంది. డిగ్రీ చదివేటప్పుడు 2006లో వరంగల్‌లో కొన్నది. సెల్లు తీయకుండా వదిలేసినట్టున్నాను, లోపలే కారిపోయి స్ప్రింగు చుట్టూ తెల్లగా పొడి పేరుకుంది.

ప్లేయర్‌గా పని చేయడం లేదు కానీ కంప్యూటర్‌కు గుచ్చితే పెన్‌డ్రైవ్‌లా కనిపించింది. 256 ఎంబీ. అప్పటి సినిమా పాటలు నలభై దాకా ఉన్నాయి. 'వాయిస్' అని ఇంకో ఫోల్డర్, అందులో మూడు ఫైళ్లు. మొదటి రెండూ 410 కేబీ చొప్పున, మూడోది 90. చివర డాట్ ఏసీటీ అని ఉంది.

అవేమిటో చూడగానే గుర్తొచ్చింది. 2007 సద్దుల బతుకమ్మ నాడు పరకాల దగ్గర మా ఊళ్లో నాయినమ్మ పాడుతుంటే పక్కన నిలబడి రికార్డు బటన్ నొక్కాను. ఆమె గొంతు మా దగ్గర ఇంకెక్కడా లేదు. ఫోన్‌లో ఉన్న ప్లేయర్లేవీ ఈ ఫైళ్లను తీసుకోవడం లేదు. పేరు చివర ఎంపీ3 అని మార్చి కూడా చూశాను, ఫలితం లేదు. ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

రికార్డింగ్_పెద్దన్న | ఆదివారం, ఉదయం 10:40

తమ్మీ, ముందు ఒక పని చెయ్యి. ఆ మూడు ఫైళ్లు ఉన్నవి ఉన్నట్టే కంప్యూటర్‌లోకి కాపీ చేసుకో. ఇంకో కాపీ వేరే పెన్‌డ్రైవ్‌లో పెట్టు. పాత ప్లేయర్ గుచ్చినప్పుడు ఒక్కోసారి 'ఫార్మాట్ చేయమంటారా' అని అడుగుతుంది, అలవాటు కొద్దీ ఎస్ కొట్టకు. హనుమకొండ చౌరస్తాలో పదిహేనేళ్లు మెమరీ చిప్పుల్లో పాటలు నింపిన చెయ్యి నాది. ఆ ఒక్క నొక్కుడుకు ఎంతమంది ఇళ్లలో పెళ్లి పాటలు పోయినయో నాకు తెలుసు.

పేరు మార్చితే ఫైలు మారదు. కిరోసిన్ సీసాకు మంచినూనె అని చీటీ అంటిస్తే పూరీలు వేగుతాయా?

ఇంకో దారి ఉంది. ఏ ప్లేయర్ రాసిన ఫైలును ఆ ప్లేయర్ చదువుతుంది. స్ప్రింగు మీది పొడి మెల్లగా గీకి, కొత్త సెల్లు వేసి చూడు. పాడిందనుకో, రెండు దిక్కులా పిన్ను ఉన్న తీగతో దాని ఇయర్‌ఫోన్ రంధ్రం నుంచి కంప్యూటర్ మైకు రంధ్రానికి కలిపి రికార్డు చేసుకోవచ్చు. క్యాసెట్ల కాలంలో మేము చేసింది అదే.

ఫ్లాక్_మాత్రమే | ఆదివారం, ఉదయం 11:05

ఇందుకే నేను ఎప్పుడూ చెప్తాను, ఏదైనా ఫ్లాక్‌లో పెట్టుకోండి అని. అది పాటలో ఏదీ కోయకుండా దాచే ఫార్మాట్, ఒక్క బిట్ కూడా పోదు. ఈ ఎంపీ3లు, ఏసీటీలు అన్నీ పాటను కోసి పారేసే రకాలే.

రికార్డింగ్_పెద్దన్న | ఆదివారం, ఉదయం 11:09

256 ఎంబీ ప్లేయర్‌లో ఫ్లాకా? పల్లవి దాటక ముందే నిండిపోతది బిడ్డా.

ఫ్లాక్_మాత్రమే | ఆదివారం, ఉదయం 11:15

పల్లవి అనకండి, పది పాటలన్నా పడతాయి. సీడీలో ఉన్న పాట సెకనుకు 1,411 కిలోబిట్లు. ఐదు నిమిషాల పాట 50 ఎంబీ. ఫ్లాక్ దాన్ని దాదాపు సగానికి తెస్తుంది. 2001 నుంచి ఉంది, ఉచితం కూడా.

కాజీపేట_జంక్షన్ | ఆదివారం, మధ్యాహ్నం 1:30

పెద్దన్నా, ఫైళ్లు రెండు చోట్ల కాపీ చేశాను. స్ప్రింగు గీకి సెల్లు వేస్తే తెర ఒక్కసారి వెలిగి ఆరిపోయింది. ఇయర్‌ఫోన్ రంధ్రం కూడా వదులైపోయింది, పిన్ను పెడితే ఊగుతోంది. ఆ దారి మూసుకుపోయినట్టే.

ఆర్ఈసీ_రూమ్_114 | ఆదివారం, మధ్యాహ్నం 3:22

ఈ ఏసీటీతో నేనూ ఒకసారి తంటాలు పడ్డాను, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

అప్పట్లో మనకు దొరికిన పేరులేని ప్లేయర్లలో చాలావాటి లోపల చైనాలోని యాక్షన్స్ అనే కంపెనీ చిప్పు ఉండేది. డబ్బాలో అరచేతిలో సగం ఉండే చిన్న సీడీ ఒకటి వచ్చేది గుర్తుందా? దాన్ని ఎవరూ తెరిచి చూడలేదు, సగం మంది ఇళ్లలో అది టీ గ్లాసు కింద పెట్టుకునే బిళ్ల అయింది. ఏసీటీని మామూలు ఫైలుగా మార్చే సాఫ్ట్‌వేర్ అందులోనే ఉండేది. ఇప్పుడు ఆ సీడీ అవసరం లేదు. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, దానికి ఏసీటీ చదవడం వచ్చు. కొత్త వెర్షన్ దించుకుని, ఏసీటీ ఫైలు ఇచ్చి, వేవ్ ఫైలుగా, అంటే కుదించని మామూలు ఫైలుగా, బయటికి తీయమని చెప్పు. ఒక్క లైను కమాండ్. నీకు విడిగా మెసేజ్ పెడతాను.

ఇప్పుడు అసలు సంగతి. పాట బయటికి వస్తుంది కానీ ఎక్కువ ఆశ పెట్టుకోకు. ఏసీటీ లోపల ఉన్నది జి.729 అనే పద్ధతికి దగ్గరి చుట్టం. అది 1996లో టెలిఫోన్ల కోసం చేసిన ప్రమాణం. సెకనుకు 8 కిలోబిట్లే, అంటే ఒక కేబీ, నిమిషానికి 60 కేబీ. నీ ఫైలు 410 అన్నావు కదా, ఏడు నిమిషాలకు కాస్త తక్కువ ఉండాలి. లెక్క తప్పితే తిట్టు.

అది ఎట్లా పని చేస్తుందంటే, శబ్దాన్ని అసలు దాచుకోదు. మనిషి గొంతు, నోరు ఆ క్షణంలో ఏ ఆకారంలో ఉన్నాయి, వాటిలోంచి గాలి ఎట్లా కొట్టింది అన్నది కొన్ని అంకెల్లో రాసుకుంటుంది. వినేటప్పుడు ఆ అంకెలతో మళ్లీ ఒక గొంతు కట్టి మాట్లాడిస్తుంది. ఎంపీ3 దారి వేరు. అది వినేవాడి చెవిని చూసి కట్టింది. కాజీపేట ప్లాట్‌ఫారం మీద గూడ్సు బండి పోతుంటే పక్కన చాయ్ చాయ్ అని అరిచేవాడి గొంతు మనకు వినపడదు కదా. చెవికి ఎట్లాగూ అందని ఆ అరుపును రాయడం దండగ అని ఎంపీ3 వదిలేస్తుంది. అంటే ఎంపీ3 చెవిని నమ్ముకుంది, ఏసీటీ గొంతును నమ్ముకుంది. అందుకే ఒక్కరే మాట్లాడితే ఏసీటీ బాగానే ఉంటుంది. బతుకమ్మ అంటే ఇరవై మంది ఆడవాళ్లు, చప్పట్లు. ఆ చప్పట్లను కూడా అది గొంతు అనుకుంటుంది. ఏం వినపడుతుందో నువ్వే చూద్దువు.

జగిత్యాల_దుబాయ్ | ఆదివారం, సాయంత్రం 5:48

ఈ థ్రెడ్ చదువుతుంటే పాత రోజులు కండ్ల ముందు తిరుగుతున్నయి. 2005లో సెలవు మీద వచ్చినప్పుడు మా బామ్మర్దికి ఒక ఖరీదైన ప్లేయర్ తెచ్చిన. కంపెనీ పేరు వద్దులే. ఇక్కడికి వచ్చినంక గానీ తెలువలేదు, దాంట్లోకి పాటలు ఊరికే కాపీ చేస్తే పాడవు, వాళ్ల సాఫ్ట్‌వేర్ లోంచే పోవాలి అని. ఊళ్లో ఇంటర్నెట్ సెంటర్‌కు తీసుకపోతే, అక్కడ పిల్లగాడు ఏదో నొక్కిండు, ఉన్న పాటలన్నీ తుడిచిపెట్టుకుపోయినయి. బామ్మర్ది మొఖం చిన్నగ చేసుకుని రెండో నాడే కరీంనగర్ పోయి ఎనిమిది వందలకు చైనా ప్లేయర్ కొనుక్కున్నడు. నేను తెచ్చింది టీవీ మీద షో కోసం పెట్టిండ్రు. దాని మీద మా అక్క చేతితో కుట్టిన గుడ్డ కూడా కప్పింది.

రికార్డింగ్_పెద్దన్న | ఆదివారం, సాయంత్రం 6:10

దుబాయ్ తమ్మీ, గుడ్డ కప్పిన ముచ్చట మస్తున్నది.

నా దుకాణం కథ కూడా చెప్తాను. 128 ఎంబీ చిప్పులు వచ్చిన కొత్తలో ఎంపీ3లు వేస్తే రెండు గంటల పాటలు పట్టేవి. గిరాకీలు 'ఇంతేనా అన్నా' అని మూతి విరిచేవాళ్లు. అప్పుడు ఒక తెలివైన దోస్తు, డబ్ల్యూఎంఏలో చెయ్యి, అది మైక్రోసాఫ్ట్ వాళ్ల ఫార్మాట్, సెకనుకు 64 కిలోబిట్లలో పెడితే సైజు సగమైతది, వినడానికి తేడా తెలియదు అన్నాడు. రాత్రంతా కూర్చుని నాలుగు వందల పాటలు మార్చాను. నిజంగానే అదే చిప్పులో నాలుగు గంటల పాటలు పట్టినయి. ములుగు రోడ్డు ఆటో డ్రైవర్ ఒకాయన సంతోషంగా నింపించుకుని పోయి మూడో రోజు తిరిగొచ్చాడు. ఆటోలో ఉన్న డెక్కు ఆ పాటలను ఒక్కటి కూడా పాడలేదు, అన్నీ దాటేసి చివర ఉన్న రెండు ఎంపీ3లే తిప్పి తిప్పి పాడింది. మూడు రోజులు ఆ రెండు పాటలే విన్నాడు పాపం. పైసలు వాపస్ ఇచ్చి, అన్నీ మళ్లీ ఎంపీ3 చేసి ఇచ్చాను. డబ్ల్యూఎంఏ నుంచి మళ్లీ ఎంపీ3 చేస్తే ఎట్లుంటదో వినేవాళ్లకు తెలుసు, రేకు డబ్బాలో పాడినట్టు.

ఆ రోజు తర్వాత నా దుకాణంలో ఒకటే ఫార్మాట్. బాగుందా లేదా అని చూడలేదు. ఆటోలో, ట్రాక్టర్‌లో, డీవీడీ ప్లేయర్‌లో, నోకియా ఫోన్‌లో అన్నిట్లో పాడేది ఏది? అది పెట్టిన.

ఫ్లాక్_మాత్రమే | ఆదివారం, సాయంత్రం 6:31

అంటే మనోళ్లు తక్కువ నాణ్యతకు అలవాటు పడ్డారు, అంతే కదా.

ఆర్ఈసీ_రూమ్_114 | ఆదివారం, సాయంత్రం 7:02

అంత తేలిగ్గా తీసేయకు తమ్ముడూ. ఎంపీ3 అన్నిటికన్నా మంచిదని ఎవరూ అనలేదు. అదే సైజులో ఏఏసీ అనే ఫార్మాట్ మెరుగ్గా ఉంటుంది, 1997లోనే ప్రమాణంగా వచ్చింది. 2002లో వచ్చిన ఓగ్ వోర్బిస్ కూడా మెరుగే, పైగా ఉచితం. సాంకేతికంగా ఎంపీ3 ఆ రోజుకే పాతబడింది. అయినా గెలిచింది. ఎట్లాగో చూద్దాం.

ఎంపీ3 పుట్టింది జర్మనీలో ఎర్లాంగెన్ ఊళ్లో, ఫ్రౌన్‌హోఫర్ సంస్థలో. 1993లో ప్రమాణంగా అచ్చయింది, డాట్ ఎంపీ3 అన్న తోక 1995 జూలైలో తగిలించారు. జేబులో పెట్టుకునే మొదటి ఎంపీ3 ప్లేయర్ 1998లో కొరియా నుంచి వచ్చిన ఎంపీమ్యాన్. 32 ఎంబీ, అంటే అరగంట పాటలు. అదే ఏడాది అమెరికాలో రియో అనే ప్లేయర్ వస్తే, అక్కడి రికార్డింగ్ కంపెనీల సంఘం దాన్ని ఆపమని కోర్టుకు పోయింది. 1999లో కోర్టు ప్లేయర్ వైపే తీర్పు చెప్పింది. ఆ తీర్పు తర్వాత ప్లేయర్లు చేసే కంపెనీలకు ధైర్యం వచ్చింది.

అప్పుడు పెద్దలు రంగంలోకి దిగారు. ఎవరి గేటు వాళ్లు కట్టుకున్నారు. సోనీ దగ్గర మినీడిస్క్ కాలం, అంటే 1992 నుంచి, ఏట్రాక్ అనే సొంత ఫార్మాట్ ఉంది. మొదట్లో వాళ్ల డిజిటల్ వాక్‌మన్‌లకు నేరుగా ఎంపీ3 పాడటం రాదు, ఏట్రాక్‌లోకి మార్చి ఎక్కించాలి. 2004 చివరికి గానీ ఆ పట్టు వదల్లేదు. వాక్‌మన్ అన్న పేరు కనిపెట్టినవాళ్లే జేబు ప్లేయర్ల ఆటలో వెనకబడిపోయారు, నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. మైక్రోసాఫ్ట్ 1999లో డబ్ల్యూఎంఏ తెచ్చింది. 2004లో 'ప్లేస్ ఫర్ ష్యూర్' అని ముద్ర పెట్టి, ఈ ముద్ర ఉన్న ప్లేయర్లలో మా తాళం వేసిన పాటలు, అంటే వేరే చోట పాడకుండా కట్టేసినవి, తప్పకుండా పాడతాయి అంది. రెండేళ్లకు సొంతంగా జూన్ అనే ప్లేయర్ తెచ్చింది. ఆ ముద్ర ఉన్న పాటలు ఆ జూన్‌లోనే పాడలేదు! పిల్లను ఇస్తామని మాట ఇచ్చి, పెళ్లినాడు మండపానికి తాళం వేసినట్టు.

యాపిల్ 2001 అక్టోబర్‌లో ఐపాడ్ తెచ్చింది, 5 జీబీ. 2003లో పాటల దుకాణం పెట్టి పాటకు 99 సెంట్లు అంది. ఆ పాటలు ఏఏసీలో, తాళంతో వచ్చేవి. డబ్ల్యూఎంఏను ఐపాడ్ ఎన్నడూ పాడలేదు. కానీ యాపిల్ చేసిన తెలివైన పని ఒకటుంది, మొదటి రోజు నుంచీ ఎంపీ3ని రానిచ్చింది. గేటు కట్టినా పక్కన చిన్న దారి వదిలింది. జనం ఆ దారినే పోయారు. 2009కి వచ్చేసరికి ఆ దుకాణంలో పాటలకు తాళాలు తీసేశారు.

బతుకమ్మ_టీచర్ | ఆదివారం, రాత్రి 8:15

అన్నా, అదంతా అమెరికా ముచ్చట. ఇక్కడ మనకు ఆ గేట్లు ఎప్పుడు కనపడ్డాయి? మేము హాస్టల్‌లో ఉన్నప్పుడు ఏఏసీ అన్న పేరే వినలేదు.

ఆర్ఈసీ_రూమ్_114 | ఆదివారం, రాత్రి 8:34

అదే నేను చెప్పబోయేది. యాపిల్ పాటల దుకాణం మన దేశంలో తెరిచింది 2012 డిసెంబర్‌లో. అప్పటికి ఇక్కడ ఆట అయిపోయింది. వాళ్లు ఏ తాళం మంచిదని కొట్టుకుంటుంటే, మనకు తలుపే లేదు. కొనే చోటు లేదు కాబట్టి తాళం వేసిన పాట మన దగ్గరికి రాలేదు. మా ఇంజనీరింగ్ కాలేజీ ఆర్ఈసీ 2002లో ఎన్ఐటీ అయింది, ఆ ఏడు హాస్టల్‌లో ఒకరి కంప్యూటర్ నుంచి ఇంకొకరి కంప్యూటర్‌కు పాకిన ప్రతి పాటా ఎంపీ3నే. 700 ఎంబీ సీడీలో సెకనుకు 128 కిలోబిట్లలో చేసిన పాటలు నూట నలభై దాకా పట్టేవి. ఇంటికి పోయేటప్పుడు బ్యాగులో అట్లాంటి సీడీ ఉంటే ఊళ్లో హీరోలం.

మండి_బజార్_వాసి | ఆదివారం, రాత్రి 8:50

తియ్యగా చెప్తున్నారు గానీ అదంతా పైరసీ కాదా? పాట రాసినవాడికి, పాడినవాడికి ఒక్క రూపాయి పోలేదు.

రికార్డింగ్_పెద్దన్న | ఆదివారం, రాత్రి 9:05

అవును, పైరసీనే. నేను తప్పించుకోను. చిప్పు నింపితే 30 రూపాయలు తీసుకునేవాణ్ని, అందులో ఏ గాయకుడికీ వాటా పోలేదు. పోలీసులు వచ్చి కంప్యూటర్ ఎత్తుకుపోయిన రోజు కూడా ఉంది. మా నాయిన క్యాసెట్ల దుకాణంలో ఒరిజినల్ క్యాసెట్లు అమ్మి నలుగురిని సాదిండు, నేను అదే గల్లీలో దొంగ పాటలు అమ్మిన. దానికి సాకు చెప్పను. కానీ అప్పుడు ఎవరైనా నాకు న్యాయంగా అమ్మే దారి చూపించి ఉంటే కొనేవాణ్ని. తాళం ఉన్న పాట ఇచ్చి, ఆటోలో పాడదు అంటే మాత్రం కొనను.

ఇంకో ముచ్చట. అప్పుడు జనం ఎంపీ4 ప్లేయర్ అంటే ఎంపీ3 కన్నా ఒక నంబర్ ఎక్కువ కాబట్టి పాట ఇంకా మంచిగ వస్తది అనుకునేటోళ్లు. తర్వాత ఎంపీ5 అని రాసిన డబ్బాలు వచ్చినయి. జమ్మికుంట నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి 'ఎంపీ6 వచ్చేదాకా ఆగమంటవా బిడ్డా' అని అడిగిండు. ఏం చెప్పాలె?

ఫ్లాక్_మాత్రమే | ఆదివారం, రాత్రి 9:20

హహ. సరే, కానీ ఇప్పుడు మెమరీ కొరత లేదు కదా. నా పాత ఎంపీ3లన్నీ ఫ్లాక్‌లోకి మార్చేశాను. ఫోన్‌లో 60 జీబీ.

ఆర్ఈసీ_రూమ్_114 | ఆదివారం, రాత్రి 9:26

ఎంపీ3 నుంచి ఫ్లాకా? చల్ల చేసినంక మళ్లీ పెరుగు అయితదా? ఎంపీ3 చేసేటప్పుడు పోయింది పోయినట్టే. నువ్వు ఆ చల్లనే పెద్ద కుండలో పోసి పెట్టుకున్నావు. ఇంతకీ దేంతో వింటావు?

ఫ్లాక్_మాత్రమే | ఆదివారం, రాత్రి 9:31

మెడలో వేసుకునే బ్లూటూత్.

ఆర్ఈసీ_రూమ్_114 | ఆదివారం, రాత్రి 9:33

బ్లూటూత్‌లో పోయేటప్పుడు ఫోన్ దాన్ని మళ్లీ కుదిస్తుంది. మామూలు వాటిలో వాడే పద్ధతి ఎస్‌బీసీ, కొన్నిట్లో ఏఏసీ. నీ 60 జీబీ చివరి మూడడుగుల్లో మళ్లీ చల్ల అవుతుంది. మంచి తీగ ఉన్న ఇయర్‌ఫోన్ కొనుక్కో, తర్వాత మాట్లాడదాం.

మోడరేటర్ | ఆదివారం, రాత్రి 9:40

నవ్వుకున్నాం, బాగుంది. కానీ ప్రశ్న అడిగిన తమ్ముడి సంగతి ఏమైంది?

బతుకమ్మ_టీచర్ | ఆదివారం, రాత్రి 9:52

ఆయన చెప్పేలోపు నాదీ ఒక ప్రశ్న. మా బడిలో ఏటా పిల్లల అమ్మమ్మలు, నాయినమ్మలతో బతుకమ్మ పాటలు పాడించి ఫోన్‌లో రికార్డు చేస్తున్నాను. ఇప్పటికి డెబ్బై పాటలు అయ్యాయి. ఈ థ్రెడ్ చూశాక భయం పట్టుకుంది. ఇరవై ఏళ్లకు ఇవి కూడా ఏసీటీలు అయిపోతాయా? దేంట్లో పెట్టుకోవాలి? కొన్ని వాట్సాప్‌లో గ్రూపుకు పంపి ఫోన్‌లోంచి తీసేశాను కూడా.

ఆర్ఈసీ_రూమ్_114 | ఆదివారం, రాత్రి 10:20

అక్కా, భయం వద్దు. ఫోన్ రికార్డర్ సెట్టింగ్స్‌లో వేవ్ అని ఉంటే అది పెట్టండి. ఒక మైకుతో చేస్తే నిమిషానికి 5 ఎంబీ అవుతుంది, ఐదు నిమిషాల పాటకు 25. డెబ్బై పాటలన్నా 2 జీబీ దాటదు. ఇంటికి వచ్చాక ఫ్లాక్‌లోకి మార్చి దాచుకోండి, మన తమ్ముడి మాట ఇక్కడ నూటికి నూరుపాళ్లు నిజం. ఫ్లాక్ ఎట్లా చదవాలో బహిరంగంగా రాసి ఉంది, ఎవరైనా ప్లేయర్ చేసుకోవచ్చు. వేవ్ లేకపోతే ఎం4ఏ పెట్టండి, అదీ పరవాలేదు. లోపల ఉండేది ఏఏసీనే.

వాట్సాప్ సంగతి: మైకు బొమ్మ నొక్కి పంపే వాయిస్ మెసేజ్ బాగా కుదించి పోతుంది. పాటను పంపాలంటే డాక్యుమెంట్‌గా జత చేసి పంపండి, ఉన్నది ఉన్నట్టు పోతుంది. ఇందులో ఒక తమాషా ఉంది. ఆ వాయిస్ మెసేజ్ ఉండేది ఓపస్ అనే ఫార్మాట్‌లో, ఓగ్ అనే డబ్బాలో. అంటే 2002లో వోర్బిస్ తెచ్చిన వాళ్ల కుటుంబమే. మన బజారులో ఓగ్ పాడుతుందని చెప్పుకునే ప్లేయర్‌ను నేనొక్కటీ చూడలేదు. ఓడిపోయిందని అందరం మరిచిపోయాం. ఇప్పుడు మేడారం తొవ్వలో ఎడ్లబండి మీద పోయే ముసలాయన కూడా కొడుక్కు 'ఏడున్నవ్ రా' అని దాంట్లోనే పంపుతున్నాడు. ఎంపీ3 మీద పేటెంట్ల లైసెన్సు వసూలు కూడా 2017 ఏప్రిల్‌లో ఆగిపోయింది. ఇప్పుడు అదీ ఎవరి సొత్తూ కాదు.

రికార్డింగ్_పెద్దన్న | ఆదివారం, రాత్రి 10:31

టీచరమ్మా, ఫైలు పేరులో పాడినామె పేరు, ఊరు, తేదీ తప్పక రాయండి. పాత ప్లేయర్లు తెలుగు అక్షరాలు పెడితే డబ్బాలు డబ్బాలుగా చూపించేవి, అందుకని మేము అన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో 'ట్రాక్ 1, ట్రాక్ 2' అని పెట్టి పాడు చేసినం. ఇప్పుడు ఆ బాధ లేదు. ఇంకోటి, చిప్పులోకి కాపీ చేసేటప్పుడు ఒక్కొక్కటిగా వరుసలో వేయండి. చాలా డెక్కులు పేరు చూసి పాడవు, ఏది ముందు కాపీ అయితే అది ముందు పాడతాయి. పెండ్లిలో మంగళహారతి కన్నా ముందు అప్పగింతల పాట వచ్చి నేను తిట్లు తిన్న.

కాజీపేట_జంక్షన్ | సోమవారం, రాత్రి 9:18

వచ్చింది!

రూమ్ 114 అన్నా, మీరు పంపిన లైను పెట్టగానే ఒక్క సెకనులో మూడూ వేవ్ అయ్యాయి. మొదటిది 6 నిమిషాల 58 సెకన్లు. మీ లెక్క తప్పలేదు, తిట్టే అవకాశం పోయింది.

ఎట్లా ఉందో చెప్తాను. ముందు గాలి హోరు, ఎవరో పిల్లవాడి ఏడుపు, తర్వాత పాట. నాయినమ్మ ఒక వరుస అంటుంది, మిగతావాళ్లు ఉయ్యాలో అని అందుకుంటారు. ఆమె ఒక్కతే పాడినప్పుడు మాటలు తెలుస్తున్నాయి, పాత ల్యాండ్‌లైన్‌లో మాట్లాడినట్టు. అందరూ అందుకోగానే మాటలు కరిగిపోయి ఒకే పెద్ద గొంతు మూలుగుతున్నట్టు అవుతోంది. చప్పట్లయితే మీరన్నట్టే. ఒక్కటి కూడా చప్పట్ల లాగా లేదు. ఎసరు మరిగేటప్పుడు గిన్నె మూత కింద వచ్చే బుడబుడ ఉంటుంది చూడండి, అట్లా ఉంది.

అమ్మను కూర్చోబెట్టి వినిపించాను. మొదటిది నాయినమ్మే అంది. రెండోది వినగానే, కాదు, ఇది మీ నాయినమ్మ కాదు, పక్కింటి పెద్దమ్మ అంది. మేనత్తకు ఫోన్ చేసి వినిపిస్తే, మా అమ్మ గొంతు నాకు తెలియదా అని ఆమె కొట్లాటకు దిగింది. గంట నుంచి ఇద్దరికీ ఇదే పని.

ఆర్ఈసీ_రూమ్_114 | సోమవారం, రాత్రి 9:35

ఇద్దరిదీ తప్పు కాదు. అంత తక్కువలో రాసినప్పుడు గొంతుకున్న జీర, సన్న తేడాలు పోతాయి. 4,000 హెర్ట్జ్ పైన ఉన్నదేదీ అందులో లేదు. ఎవరు పాడినా కొంచెం అక్కాచెల్లెళ్లలా వినపడతారు. పాటలో ఆమె మాత్రమే అనే మాట ఏదన్నా ఉందేమో చూడమను.

బతుకమ్మ_టీచర్ | సోమవారం, రాత్రి 9:41

తమ్ముడూ, పాట వరుసలు రాసుకోండి ముందు. అమ్మకు, అత్తకు ఇద్దరికీ గుర్తుండగానే.

కాజీపేట_జంక్షన్ | మంగళవారం, రాత్రి 8:02

తేలింది. మాటలను బట్టి కాదు. రెండో దాంట్లో నాలుగో నిమిషం దగ్గర పాట ఆగి ఒక దగ్గు వస్తుంది, రెండుసార్లు చిన్నగా, మూడోసారి గట్టిగా. అది వినగానే అమ్మ ఇంకేం మాట్లాడలేదు. నాయినమ్మదే అని ఒప్పుకుంది. అత్త ఫోన్‌లో 'చూసినవా వదినా' అని రెండుసార్లు అంది. టీచరక్కా, ఇద్దరినీ కూర్చోబెట్టి పాట రాయిస్తున్నాను, పదకొండు వరుసలు అయ్యాయి, మధ్యలో రెండు దొరకడం లేదు.

మూడోది, 90 కేబీది, పాట కాదు. నిమిషంన్నర. నేనే ప్లేయర్‌ను నోటి దగ్గర పెట్టుకుని 'హలో హలో మైక్ టెస్టింగ్' అంటున్నాను.

రికార్డింగ్_పెద్దన్న | మంగళవారం, రాత్రి 8:15

అది కూడా తీసెయ్యకు. వేవ్ కాపీలు చేసినవ్ కదా, ఏసీటీ ఒరిజినల్ కూడా పక్కన ఉంచు. రేపు ఇంకా మంచిగ తీసే సాఫ్ట్‌వేర్ రావచ్చు. ఆ ప్లేయర్ ఒకసారి చౌరస్తాకు పట్టుకురా, ఇయర్‌ఫోన్ రంధ్రం మారుద్దాం. దుకాణం లేదు గానీ సోల్డరింగ్ కడ్డీ ఇంట్లోనే ఉంది.

కాజీపేట_జంక్షన్ | మంగళవారం, రాత్రి 8:20

శనివారం వస్తాను అన్నా. సెల్లు మాత్రం తీసి పారేశాను.